దాడి చూశాం, రిపోర్టు అడగలేదు

2024 వేసవి నుంచి హైదరాబాదు హోటళ్ల వంటగదులు అందరి ఫోన్లలోకీ వచ్చేశాయి. తెలంగాణ ఫుడ్ సేఫ్టీ కమిషనర్ కార్యాలయం టాస్క్‌ఫోర్స్ బృందాలు వరసగా పేరున్న హోటళ్లలోకి వెళ్లాయి. ఫ్రిజ్‌లో మూతల్లేని గిన్నెలు, గడువు దాటిన మసాలా ప్యాకెట్లు, పేరూ తేదీ లేని మాంసం కవర్లు, స్టోర్ రూములో బొద్దింకలు... అన్నీ ఫోటోలు తీసి ఎక్స్‌లో పెట్టారు. జనం చూశారు, నలుగురికీ పంపారు, ఇక బయట తినకూడదనుకున్నారు. కొన్నాళ్లకు అవే హోటళ్ల ముందు మళ్లీ టేబుల్ కోసం నిలబడ్డారు.

జనాన్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆ ఫోటో తర్వాత ఏం జరగాలో, ఎన్ని రోజుల్లో జరగాలో మనకెవరూ చెప్పలేదు. అందుకే ఆహార భద్రత చట్టం (రేషన్‌ది కాదు, ఫుడ్ సేఫ్టీ చట్టం) గురించి ఎక్కడ మాట వచ్చినా రెండే అభిప్రాయాలు వినిపిస్తాయి. ఒకటి, "అంతా కల్తీయే". రెండోది, "ఎవరేం చేసినా ఏమీ కాదు". అంతా కల్తీ అనుకునేవాళ్లు ఏ ఒక్క శాంపిల్ సంగతీ అడగరు. ఏమీ కాదనుకునేవాళ్లు అసలే అడగరు. ఎవరూ అడగకపోతే పని నెమ్మదించిన అధికారికీ, తప్పు చేసిన వ్యాపారికీ ఇద్దరికీ హాయి. నేను ఇక్కడ వాదించేది ఇదే: మన ఆరోగ్యాన్ని కాపాడేది దాడి కాదు, దాని వెనక సాగాల్సిన కాగితాల పని, ల్యాబు పని. ప్రజలుగా మన కోపమంతా దాడి దగ్గరే ఖర్చయిపోతోంది.

అసలు శాంపిల్ తీయడం ఎలా ఉంటుందో చూద్దాం. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ (జనం నోట ఇప్పటికీ ఫుడ్ ఇన్‌స్పెక్టరే) షాపులోకి వెళ్లి, పరీక్ష కోసం తీసుకుంటున్నానని యజమానికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. సరుకుకు డబ్బు చెల్లించాలి. సాక్షి ఉండాలి. తీసిన సరుకును అక్కడే నాలుగు భాగాలు చేసి, శుభ్రమైన పొడి సీసాల్లోనో డబ్బాల్లోనో వేసి మూత బిగించాలి. పాలయితే విరిగిపోకుండా 25 మిల్లీలీటర్లకు రెండు చుక్కల చొప్పున ఫార్మలిన్ కలపాలి. ప్రతి సీసాకూ మందపాటి కాగితం చుట్టి, కోడ్ నంబరూ అధికారి సంతకమూ ఉన్న చీటీ కింది నుంచి పైదాకా అంటించి, దారం కట్టి, లక్క సీలు వేయాలి. పైన ఒకటి, కింద ఒకటి, పక్కల రెండు, మొత్తం నాలుగు ముద్రలు. యజమాని సంతకం సగం చీటీ మీద, సగం చుట్టిన కాగితం మీద పడాలి, చీటీ మారిస్తే తెలిసిపోయేలా.

నాలుగు భాగాల్లో ఒకటి ల్యాబులో పరీక్ష చేసే ఫుడ్ అనలిస్టుకు వెళ్తుంది. రెండు జిల్లా స్థాయి డెసిగ్నేటెడ్ ఆఫీసర్ దగ్గర భద్రంగా ఉంటాయి. నాలుగోది, వ్యాపారి కోరితే, అతని ఖర్చుతోనే గుర్తింపు ఉన్న మరో ల్యాబుకు పంపుతారు. అనలిస్టు 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. వ్యాపారికి ఆ రిపోర్టు నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. అప్పుడు దాచిన భాగాన్ని పై స్థాయి ల్యాబుకు (రెఫరల్ ల్యాబు) పంపుతారు, అక్కడ తేలిందే ఖాయం. ఆ తర్వాత తప్పు తీవ్రతను బట్టి కేసు అదనపు కలెక్టర్ స్థాయి అధికారి ముందుకో, కోర్టుకో వెళ్తుంది. జరిమానాతో పోయే కేసును 90 రోజుల్లో తేల్చాలని నియమం. నేరం జరిగిన ఏడాదిలోగా కేసు వేయకపోతే కోర్టు దాన్ని స్వీకరించదు. కమిషనర్ కారణాలు రాసి అనుమతిస్తే ఆ గడువు మూడేళ్ల దాకా సాగుతుంది.

ఈ గొలుసులో ఏ ఒక్క ముడి జారినా మిగతాదంతా వృథా. సంతకం చీటీ సరిగ్గా పడకపోయినా, ల్యాబుకు గుర్తింపు లేకపోయినా, నోటీసు ఇవ్వకపోయినా వ్యాపారి వకీలు అక్కడే పట్టుకుంటాడు. పట్టుకోవడం అతని హక్కు కూడా.

దీనికి దేశమంతా చూసిన ఉదాహరణ 2015 నాటి మ్యాగీ వ్యవహారం. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీలో తీసిన శాంపిల్‌లో సీసం 17.2 పీపీఎం (పది లక్షల భాగాల్లో 17.2 భాగాలు) ఉందని కోల్‌కతా ల్యాబు చెప్పింది. అనుమతించిన పరిమితి 2.5. జూన్ 5న కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దేశమంతటా అమ్మకాలు ఆపించింది. ఆగస్టు 13న బొంబాయి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. కంపెనీ వాదన వినలేదనీ, పరీక్షలు చేసిన ల్యాబులకు తగిన గుర్తింపు లేదనీ చెప్పి, మొహాలీ, జైపూర్, హైదరాబాదుల్లోని మూడు ల్యాబుల్లో మళ్లీ పరీక్ష చేయించమంది. అక్కడ సీసం పరిమితి లోపే వచ్చింది. నవంబరులో సరుకు మళ్లీ దుకాణాల్లోకి వచ్చింది. ఈ ఉదంతం నుంచి జనం రెండు రకాల నమ్మకాలు తెచ్చుకున్నారు. "కంపెనీ మేనేజ్ చేసింది" అని కొందరు, "ప్రభుత్వం అన్యాయంగా వేధించింది" అని కొందరు. కోర్టు ఎత్తిచూపిన అసలు విషయం మాత్రం ఎవరికీ పట్టలేదు: గుర్తింపు ఉన్న ల్యాబు లేకుండా చట్టం చేతులు లేనిదవుతుంది. 2017లో ప్రభుత్వ పనులను ఆడిట్ చేసే కాగ్ కూడా ఇదే రాసింది. రాష్ట్రాల చేతిలో ఉన్న 72 ఆహార ల్యాబుల్లో 65కు ల్యాబుల నాణ్యతను ధ్రువీకరించే ఎన్ఏబీఎల్ గుర్తింపు లేదని. అది మొదటి పేజీ వార్త కావాల్సిన అంకె. మన చానళ్లలో దాని మీద ఎంత చర్చ జరిగిందో గుర్తు తెచ్చుకోండి.

ల్యాబు రిపోర్టు చదవడం కూడా మనకు అలవాటు లేదు. 2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యి వివాదం వచ్చినప్పుడు ప్రతి తెలుగు ఇంట్లో ఒక ల్యాబు రిపోర్టు గురించి మాట్లాడుకున్నారు. భక్తుల ఆవేదన నిజమైనది, దాన్ని తక్కువ చేయకూడదు. ఆ ఆవేదనకు న్యాయం జరగాలంటే రిపోర్టులో ఏముందో తెలియాలి. పాల కొవ్వులో ఉండే రకరకాల కొవ్వు ఆమ్లాల నిష్పత్తులను ఐదు సమీకరణాల్లో వేసి, వాటికి ఎస్ విలువలని పేరు పెట్టారు. శుద్ధమైన పాల కొవ్వుకు ఒక్కో విలువా 100కు అటూ ఇటూ ఒక ఇరుకైన హద్దులో ఉండాలి. మొదటిది 98.05 నుంచి 101.95 మధ్య, రెండోది 99.42 నుంచి 100.58 మధ్య, మూడోది 95.90 నుంచి 104.10 మధ్య. హద్దు దాటితే పరాయి కొవ్వు కలిసిందని అనుమానించాలి. అయితే మూడో సమీకరణం పామాయిల్‌కూ, గొడ్డు కొవ్వుకూ ఒకటే. ఆ సమీకరణం ఒక్కటే చూసి ఈ రెండింటిలో కలిసింది ఏదో చెప్పడం కుదరదు. ఆవుకు పెట్టిన మేతను బట్టి కూడా విలువలు తప్పుగా హద్దు దాటే సందర్భాలున్నాయని ఆ పద్ధతిలోనే రాసి ఉంది. ఇంత జాగ్రత్తగా చదవాల్సిన కాగితాన్ని ఒక్క వాక్యంగా కుదించి దేశమంతా తిప్పారు. అక్టోబరు 4న సుప్రీంకోర్టు ఏర్పాటు చేసిన ఐదుగురి దర్యాప్తు బృందంలో ఒక ఎఫ్ఎస్ఎస్ఏఐ అధికారిని కూడా చేర్చింది ఇందుకే అని నేననుకుంటాను. సాంకేతికమైన ప్రశ్నకు జవాబు వేదికల మీద దొరకదు.

ఇక "కల్తీ" లెక్కల సంగతి. 2022-23లో దేశవ్యాప్తంగా 1,77,511 శాంపిళ్లు పరీక్షిస్తే 44,626 ప్రమాణాలకు తగలేదు. వెంటనే వచ్చే హెడ్డింగు: మనం తినేదాంట్లో పావు వంతు కల్తీ. అది తప్పు. మొదటి కారణం, ఆ శాంపిళ్లు లాటరీ తీసినట్టు తీసినవి కావు. అనుమానం వచ్చిన చోటికే అధికారి వెళ్తాడు, వెళ్లాలి కూడా. రెండో కారణం, తగలేదంటే చట్టంలో మూడు రకాలు. ప్రమాదకరం కాకపోయినా నాణ్యత తక్కువైనవి ఒక రకం: పాలల్లో వెన్న శాతం తక్కువుండటం లాంటివి. దీనికి 5 లక్షల దాకా జరిమానా. లేబుల్ తప్పుగా ఉన్నవి రెండో రకం: తయారీ తేదీ లేకపోవడం, లేని గుణాలు ఉన్నాయని రాయడం. 3 లక్షల దాకా. తింటే హాని చేసేవి మూడో రకం. వీటికి మాత్రమే జైలు. ప్రాణం పోతే ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా శిక్ష, 10 లక్షలకు తగ్గని జరిమానా. తప్పుల్లో ఎక్కువ భాగం మొదటి రెండు రకాలే. పాలల్లో నీళ్లు పోసినవాడు మన జేబు కొట్టాడు, శిక్ష పడాల్సిందే. కానీ అతన్నీ, పసుపులో లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు కలిపి పిల్లల మెదళ్లు పాడుచేసినవాణ్నీ ఒకే మాటతో పిలిస్తే రెండోవాడు జనంలో కలిసిపోతాడు.

పాల విషయమే కొంచెం లోతుగా చూడాలి, ఎందుకంటే పుకార్లు అన్నిటికంటే ఎక్కువ పుట్టింది పాల మీదే. కల్తీ పాల వల్ల 2025 నాటికి 87 శాతం భారతీయులకు క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించిందంటూ ఒక మెసేజ్ ఏళ్ల తరబడి తిరిగింది. అలాంటి హెచ్చరిక ఏదీ లేదని ప్రభుత్వం స్పష్టం చేసింది. 2018లో ఎఫ్ఎస్ఎస్ఏఐ 1,103 ఊళ్లూ నగరాల నుంచి 6,432 పాల శాంపిళ్లు తీయించింది. యూరియా, డిటర్జెంట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి హానికరమైన కల్తీ దొరికినవి 12. అందులో 9 తెలంగాణవి కావడం మనం సీరియస్‌గా తీసుకోవాల్సిన సంగతి. వెన్న, ఘనపదార్థాల నాణ్యత తగ్గినవి 41 శాతం. వీటి మధ్యలో ఎవరూ పట్టించుకోని ఇంకో అంకె ఉంది: 5.7 శాతం శాంపిళ్లలో అఫ్లటాక్సిన్ ఎం1 అనే బూజు విషం పరిమితి దాటింది.

పాలల్లోకి ఈ విషం ఎవరూ కలపరు. తేమ తగిలి బూజు పట్టిన వేరుశనగ చెక్క, పత్తిగింజల చెక్క, మొక్కజొన్న పశువు తింటే, అందులోని బూజు విషం పశువు శరీరంలో మారి పాలల్లోకి దిగుతుంది. కాచినా పోదు. ప్యాకెట్ పాలయినా, ఇంటి ముందు పితికిన పాలయినా ఒకటే. కిలో పాలకు 0.5 మైక్రోగ్రాముకు మించకూడదని నిబంధన. దీన్ని ఆపాలంటే ఆపాల్సింది దాణా గోదాములో: బస్తాలు నేలకు తగలకుండా చెక్కల మీద పేర్చడం, గోడకు ఎడం ఉంచడం, వాన తడి తగిలిన బస్తా వేరుచేసి పారేయడం, బూజు వాసన వస్తే "పశువుకే కదా" అని పెట్టేయకపోవడం. ఇక్కడే చట్టంలో ఒక పెద్ద ఖాళీ ఉంది. ఆహార భద్రత చట్టం ఇచ్చిన ఆహారం నిర్వచనంలో పశువుల దాణా లేదు. పాలల్లో విషం దొరికితే పట్టుకునే అధికారం ఉంది, అది పుట్టే చోటికి వెళ్లే అధికారం లేదు. కోత కోయని పంట కూడా ఆ నిర్వచనంలో లేదు, అందుకే పొలంలో కొట్టే పురుగుమందుల మీద ఈ అధికారుల చేయి పడదు. "ఫుడ్ సేఫ్టీ వాళ్లు నిద్రపోతున్నారు" అనే ముందు ఏ గేటు తాళం వాళ్ల దగ్గర ఉందో, ఏది లేదో తెలుసుకోవాలి. మన ఎమ్మెల్యేలను, ఎంపీలను అడగాల్సిన ప్రశ్న అదీ.

భయం చోటు తప్పడానికి బియ్యం ఇంకో నిదర్శనం. 2017 జూన్‌లో హైదరాబాదులో ప్లాస్టిక్ బియ్యం గోల చెలరేగింది. అధికారులు శాంపిళ్లు పరీక్షించి మామూలు బియ్యమే అన్నారు. తర్వాత రేషన్‌లో పోషకాలు కలిపిన బియ్యం మొదలయ్యాక అదే భయం ఊళ్లలో మళ్లీ లేచింది. ఆ గింజ ఎలా తయారవుతుందో చెబితే సగం భయం పోతుంది. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, విటమిన్ బి12 కలిపి, యంత్రంలో ఒత్తి, గింజ ఆకారంలో కోసి, ఆరబెడతారు. అలాంటి గింజలు కిలో తీసుకుని 100 కిలోల మామూలు బియ్యంలో కలుపుతారు. మర ఆడించిన గింజ కాదు కాబట్టి రంగు, బరువు కొద్దిగా తేడా. కడిగేటప్పుడు కొన్ని తేలతాయి. వాటిని ఏరి పారేస్తే కలిపిందంతా పోయినట్టే. అయితే ఈ పథకం మీద అడగాల్సిన అసలు ప్రశ్న వేరే ఉంది. ఇనుము కలిపిన ఆహారంతో సికిల్‌సెల్, తలసేమియా అనే రక్తపు జబ్బులు ఉన్నవాళ్లు జాగ్రత్తపడాలని 2018 నిబంధనల్లో లేబుల్ మీద హెచ్చరిక తప్పనిసరి చేశారు, తర్వాత దాన్ని ఎత్తేశారు. మన ఏజెన్సీ ప్రాంతాల ఆదివాసీల్లో సికిల్‌సెల్ ఉంది. ఆ హెచ్చరిక ఎందుకు పెట్టారు, ఏ ఆధారంతో తీశారు అని గట్టిగా అడగాల్సింది. ప్లాస్టిక్ పుకారు ఆ గొంతును ముంచేసింది.

ఇంతకీ మనల్ని ఆస్పత్రి పాలు చేసేది చాలాసార్లు కల్తీ కానే కాదు, ఉష్ణోగ్రత. వండింది 60 డిగ్రీల పైన ఉండాలి, లేదా 5 డిగ్రీల లోపు. మధ్యలో క్రిములు గంటగంటకూ పెరుగుతాయి. ఫ్రిజ్‌లో పెట్టదలచిన వంటకాన్ని 60 నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో, అక్కడి నుంచి 5కు ఇంకో రెండు గంటల్లో దించాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ తనిఖీ పత్రంలోనే ఉంది. హాస్టల్లో పెద్ద డేగిసా నిండా వండిన అన్నం మూత పెట్టి వదిలేస్తే మధ్య భాగం ఎన్ని గంటలైనా చల్లారదు. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి విత్తనాలు ఉడికినా చావవు. గోరువెచ్చగా ఉన్నంతసేపూ మొలకెత్తి విషం చేస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. పొద్దున్న మిగిలిన అన్నాన్ని సాయంత్రం పులిహోరగా తాలింపు వేస్తే ప్రమాదం పోయిందనుకోవడం అందుకే తప్పు. లోతు తక్కువ పళ్లేల్లో రెండు మూడు అంగుళాల మందాన పరిచి చల్లార్చడం, వంటకంలో గుచ్చి చూసే ప్రోబ్ థర్మామీటరు ఒకటి కొనడం: హాస్టళ్లలో పిల్లల వాంతుల వార్తలు తగ్గించడానికి ఇంతకంటే చౌకైన మార్గం లేదు. గురుకులాల్లో ఘటన జరిగిన ప్రతిసారీ వంటమనిషిని సస్పెండ్ చేయమంటాం. అక్కడ థర్మామీటరు ఉందా, ఫ్రిజ్ ఉందా, నీటి పరీక్ష ఎప్పుడు చేయించారు అని అడిగినవాళ్లు కనపడరు.

పచ్చి గుడ్డు మయోనైజ్ కథ కూడా ఉష్ణోగ్రత కథే. 2024 అక్టోబరులో హైదరాబాదులో మోమోలు తిని ఒక మహిళ చనిపోయి, చాలామంది జబ్బుపడ్డాక, అక్టోబరు 30 నుంచి తెలంగాణ ఏడాదిపాటు దాన్ని నిషేధించింది. కేరళ అంతకుముందే, తమిళనాడు ఆ తర్వాత ఇదే చేశాయి. గుడ్డు పెంకు మీద, ఒక్కోసారి లోపల కూడా, సాల్మొనెల్లా అనే క్రిమి ఉండొచ్చు. నూనెతో గిలక్కొట్టే ఈ సాస్‌కు పొయ్యి తగలదు. వెనిగరో నిమ్మరసమో పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4 దగ్గరికి దిగేంత పడితే క్రిమికి కష్టం. కానీ పులుపు ఎక్కువైతే గిరాకీ ఉండదని బండి మీద తగ్గించేస్తారు. సాయంత్రం ఐదింటి నుంచి రాత్రి పదకొండు దాకా డబ్బా బయటే. తగ్గినకొద్దీ అదే డబ్బాలో కొత్తది కలుపుతారు, పాతదానిలోని క్రిములు కొత్తదానికి అంటుకుంటాయి. ఆ నిషేధం పచ్చి గుడ్డుకే వర్తించింది. పాశ్చరైజ్ చేసిన గుడ్డుతో చేసుకోవచ్చు, అంటే గుడ్డు ద్రవాన్ని గడ్డకట్టకుండా 60 డిగ్రీల దగ్గర మూడున్నర నిమిషాలు ఉంచినది. గుడ్డే లేకుండా పాలతో, సోయాతో చేసేవీ ఉన్నాయి. ఈ సంగతి బండివాళ్లకు వాళ్ల భాషలో, వాళ్ల బండి దగ్గర చెప్పినవాళ్లెందరు? కమిషనర్ ఇచ్చే ఇలాంటి నిషేధానికి చట్టంలోనే ఏడాది గడువు. ఆ ఏడాదిలో నేర్పాల్సింది నేర్పకపోతే గడువు తీరిన రోజున మళ్లీ మొదటికే వస్తాం.

చిన్న వ్యాపారుల వైపు నుంచి చూస్తే ఈ చట్టం వేరేగా కనిపిస్తుంది, ఆ చూపు కూడా న్యాయమైనదే. 2011 నిబంధనల్లో ఏడాది అమ్మకాలు 12 లక్షల లోపున్నవాళ్లకు వంద రూపాయలతో రిజిస్ట్రేషన్ సరిపోయేది. చాలామంది అదే తీసుకుని 14 అంకెల నంబరు గోడకు అంటించారు. కొనేవాళ్లు ఆ నంబరు చూసి "ప్రభుత్వం పరీక్షించింది" అనుకుంటారు. కాదు. ఆ నంబరు ఫలానా చోట ఫలానా వ్యక్తి వ్యాపారం చేస్తున్నాడని చెబుతుంది, దొరకబుచ్చుకోవడానికి పనికొస్తుంది. 1తో మొదలైతే లైసెన్సు, 2తో మొదలైతే రిజిస్ట్రేషన్. అంతకుమించి అందులో పవిత్రత ఏమీ లేదు. వ్యాపారి మాత్రం అధికారి వస్తే మామూలు ఇచ్చి పంపాలనే అనుకుంటాడు, ఎందుకంటే తప్పు దిద్దుకోమని గడువిచ్చే ఇంప్రూవ్‌మెంట్ నోటీసు అనేదొకటి చట్టంలో ఉందని అతనికి తెలియదు. ఏం దిద్దాలో, ఎన్ని రోజుల్లో దిద్దాలో రాసి ఇవ్వాల్సిన కాగితం అది. సాధారణంగా ఆ గడువు దాటాకే లైసెన్సు మీద చర్య. రెండు వైపులా మంచి చేసే ఈ సెక్షన్ 32 గురించి వ్యాపార సంఘాలు తమ సభ్యులకు చెప్పుకోకపోవడం నాకు అర్థం కాదు.

నిషేధం ఒక్కటే చాలదనడానికి మామిడి కాయలను మాగబెట్టే కార్బైడ్ సాక్ష్యం. ఇప్పటి చట్టానికి ముందున్న కల్తీ నిరోధక (పీఎఫ్ఏ) చట్టం రోజుల నుంచీ అది నిషిద్ధమే. 2015లో ఉమ్మడి హైకోర్టు తనంతట తాను కేసు చేపట్టి అధికారులను నిలదీసే దాకా గడ్డిఅన్నారం మార్కెట్‌లో కాగితం పొట్లాలు బహిరంగంగానే ఉండేవి. కారణం తేలికే. కార్బైడ్‌కు గది అక్కర్లేదు. దానికి బదులుగా మాగబెట్టడానికి వాడే ఇథిలీన్ వాయువుకు 100 పీపీఎం దాకా అనుమతి ఉంది, కానీ గాలి చొరబడని గది, చల్లదనం, తేమ అదుపు కావాలి. గదులు వచ్చిన చోట కార్బైడ్ తగ్గింది. గది లేని చిన్న కమిషన్ వ్యాపారి మీద దాడి చేస్తే పొట్లం ఇంకో షెడ్డులోకి మారుతుంది.

దాడుల్లేకుండానే ఈ దేశంలో జరిగిన అతి పెద్ద ఆహార సంస్కరణ ఒకటుంది. నూనెను గట్టిపరిచి డాల్డా చేసేటప్పుడు పుట్టే ట్రాన్స్ ఫ్యాట్ గుండె రక్తనాళాలకు నేరుగా చేటు. నూనెలు, కొవ్వుల్లో దాని పరిమితిని 2011లో 10 శాతంగా పెట్టి, 2016లో 5కు, 2021 జనవరిలో 3కు, 2022 జనవరి 1న 2కు దించారు. బేకరీ పఫ్‌లో, మిఠాయిలో, బిస్కెట్‌లో మనకు తెలియకుండానే అది తగ్గింది. ఎక్కడా కెమెరాలు లేవు, బ్రేకింగ్ న్యూస్ లేదు. కంపెనీలకు గడువిచ్చి, గడువు దాటనివ్వకుండా మెట్టుమెట్టుగా దించారు. చట్టం పనిచేయదని చెప్పేవాళ్లకు ఈ ఒక్క ఉదాహరణ చాలు. చట్టం ఎలా పనిచేస్తుందో కూడా ఇదే చూపిస్తుంది.

ప్రజల వైపు నుంచి పట్టు వదలకపోతే ఏమవుతుందో కూడా హైదరాబాదే చూపించింది. చక్కెర నిండిన డ్రింకులు ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని మందుల షాపుల్లో అమ్ముడవుతుంటే, పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దాని మీద పోరాడారు. విరేచనాల్లో ఉన్న బిడ్డకు ఎక్కువ చక్కెర పోస్తే పేగు ఇంకా నీళ్లు లాగి విరేచనం పెరుగుతుంది. అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే. 2022లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ముందు ఆ పేరు వద్దంది, మళ్లీ చిన్న అక్షరాల హెచ్చరికతో ఒప్పుకుంది. ఆమె తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు, సోషల్ మీడియాలో తల్లిదండ్రులకు వివరించారు. చివరికి 2025 అక్టోబరులో ఆ అనుమతి రద్దయింది. ఆమె అడిగింది ఒకే ప్రశ్న, ఒకే నిబంధన మీద, సరైన ఆఫీసును. "అంతా కల్తీయే" అని ఆమె ఎప్పుడూ వదిలేయలేదు.

మామూలు మనిషి చేయగలిగిందీ తక్కువేం కాదు. ఆహార భద్రత చట్టం సెక్షన్ 40 ప్రకారం కొన్న వస్తువును ఎవరైనా ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. ఒకటే షరతు: కొనేటప్పుడే ఆ సంగతి దుకాణదారుకు చెప్పాలి. ఫీజు మనమే కట్టాలి, తప్పు తేలితే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. మీ ఊళ్లో దాడి జరిగితే రెండు నెలలు ఆగి జిల్లా డెసిగ్నేటెడ్ ఆఫీసర్‌కు పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి. ఎన్ని శాంపిళ్లు తీశారు, ఏ తేదీన ల్యాబుకు చేరాయి, రిపోర్టు ఏ తేదీన వచ్చింది, మూడు రకాల్లో ఏ రకం తేలింది, కేసు వేశారా, జరిమానా ఎంత వేశారు, ఎంత వసూలైంది. ముఖ్యంగా ఆఖరిది అడగండి. వేసిన జరిమానాకూ వసూలైనదానికీ తేడా ఎంతో అందులోనే బయటపడుతుంది.

ఇక తిన్నది వికటిస్తే, మొదటి కొన్ని గంటలే కీలకం. కేసులు ఎక్కువగా నీరుగారేది ఇక్కడే: కోపంలో మిగిలింది పారేస్తారు, మర్నాడు అధికారి వచ్చేసరికి హోటల్లో ఆ గిన్నె కడిగేసి ఉంటుంది. క్రిముల పరీక్షకు ఫార్మలిన్ వేసిన శాంపిల్ పనికిరాదు, చల్లగా ఉంచిన అసలు పదార్థమే కావాలి. మిగిలిన ఆహారాన్ని వచ్చిన డబ్బాతో సహా శుభ్రమైన కవర్లో కట్టి ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి, ఫ్రీజర్‌లో వద్దు. బిల్లు దాచండి. 2022 జనవరి నుంచి బిల్లు మీద 14 అంకెల నంబరు ఉండాలి. ఎవరెవరు తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, వాంతులు ఎన్నింటికి మొదలయ్యాయి అన్నది రాసిపెట్టండి. రెండు మూడు గంటల్లో మొదలైతే ఆహారంలో క్రిములు ముందే చేసిన విషం, అర్ధరోజు దాటాక జ్వరంతో వస్తే సాల్మొనెల్లా లాంటి క్రిమి అని డాక్టరుకు ఒక దారి దొరుకుతుంది. యాంటీబయాటిక్ మొదటి మోతాదు వేయకముందే మలం శాంపిల్ కల్చర్‌కు (క్రిమిని పెంచి గుర్తించే పరీక్ష) పంపమని డాక్టరును అడగండి. మందు పడ్డాక క్రిమి దొరకడం కష్టం. ఫిర్యాదు ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లోనో, 1800112100 నంబరుకో ఆ రోజే చేసి, వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరును బిల్లు వెనకే రాసిపెట్టుకోండి.